ఎడమ కన్ను

కంటి లోపలి ఫొటో మసకగా వస్తే లోపం ఆ కంటిదేనని నమ్మాను. నా మూర్ఖత్వమంతా ఆ నమ్మకంలోనే ఉంది. చేత్తో పట్టుకునే కెమెరాతో బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లు తిరిగి, షుగరున్నవాళ్ల రెటీనా ఫొటోలు తీసి డాక్టరుకి పంపడం నా పని. బొమ్మ సరిగా రాకపోతే కింద ‘శుక్లం కావచ్చు’ అని రాసేసేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆ ఫొటోలు చూసే డాక్టరుగారు ఫోన్ చేశారు. “మీరు వెళ్లే ఊళ్లలో శుక్లాలు ఎడమ కంటికే ఎక్కువగా ఎందుకొస్తున్నాయి?” అనడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడే మళ్లీ, “ముందు ఏ కన్ను తీస్తారు?” అన్నారు. కుడికన్నే. అందరికీ కుడికన్నే ముందు.

గురి చూసుకునేటప్పుడు ఆ కెమెరాలో వెలిగేది ఇన్‌ఫ్రారెడ్ దీపం. కంటికి అది కనబడదు కాబట్టి చీకట్లో కంటిపాప విచ్చుకునే ఉంటుంది. ఫొటో తీసే క్షణాన తెల్లటి ఫ్లాష్ పడుతుంది. పడింది కుడికంట్లోనే అయినా పాపలు రెండూ ఒక్కసారే ముడుచుకుంటాయి. అవి మళ్లీ విచ్చుకునేదాకా మనిషిని చీకట్లో కూర్చోబెట్టాలి. నేను ఆగకుండా కెమెరా ఎడమకంటి మీదికి తిప్పేవాణ్ణి. ముడుచుకున్న పాపలోంచి వెలుగు లోపలికి చాలినంత పోదు, ఫొటో నిండా నీడలే. పెద్ద వయసువాళ్లకీ, ఏళ్ల తరబడి షుగరుతో ఉన్నవాళ్లకీ కంటిపాప అసలే చిన్నగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చేది వాళ్లే. ఇదంతా నాకు తెలియక కాదు, చదువుకున్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. అయినా ఎండ కొట్టే వరండాలో కుర్చీ వేసి, వెనక నిలబడ్డ జనాన్ని చూసి కంగారుపడి, “కదలకు మామ్మా, రెప్ప ఆర్పకు” అంటూ వాళ్లనే కసిరాను.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ తన ఆఫ్తాల్మోస్కోపు గురించి ప్రకటించాక బతికున్న మనిషి కంటి వెనక పొరను డాక్టర్లు చూడగలిగారు. 1926లో జైస్ కంపెనీ నార్డెన్‌సన్ కెమెరాను అమ్మకానికి తెచ్చింది. బల్ల మీద బిగించి, చీకటి గదిలో వాడుకునే సరంజామా అది. ఇప్పుడు బెంగళూరులోని రెమిడియో వాళ్లు ఫోనుకే అమర్చిన కెమెరా చేస్తున్నారు, సంచిలో పెట్టుకుని ఏ లంకకైనా వెళ్లొచ్చు. కెమెరా ఊళ్లోకి వచ్చింది గాని దాని వెంట చీకటి గది రాలేదు. అది నేను ఏర్పాటు చేసుకోవాల్సింది.

ఎదురుమొండిలో వలలు బాగుచేసుకునే ఒకావిడకి నేను రాసిన ‘శుక్లం’ వల్ల ఒక రోజు పోయింది. కూతుర్ని తోడు తీసుకుని ఏటిమొగకి పంటు దాటి, నాగాయలంక, అవనిగడ్డ మీదుగా బందరు వెళ్లింది. ఇద్దరి కూలీ పోయింది, బస్సు చార్జీలు పోయాయి. కంట్లో శుక్లం లేదన్నారు. నేను వెళ్లి జరిగింది చెబితే, “వెళ్లమన్నావు, వెళ్లాను. కన్ను బాగుందన్నారుగా, ఇంకేం కావాలి బాబూ” అంది. తిడితే తేలికపడేవాణ్ణి.

గుడివాడ పెద్దాయనకి జరిగింది అంత తేలిగ్గా పోయేది కాదు. రిటైరైన మనిషి. అక్షరాల అట్ట ఆఖరి వరసదాకా చదివేశారు. ఎడమకన్ను ఫొటోలో సగం నలుపే. అంత చక్కగా చదివిన మనిషికి లోపల ఏముంటుందిలే అనుకుని, ‘జబ్బు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి ఏడాది తర్వాత రమ్మన్నాను. రెటీనా నడిమి భాగం బాగున్నంతకాలం చూపు బాగానే ఉంటుంది. ఈలోగా షుగరు వల్ల చుట్టూ రక్తనాళాలు పాడైపోతాయి, కొత్తవి పెళుసుగా మొలుస్తాయి, అవి చిట్లితే కంట్లోకి రక్తం దిగుతుంది. మరుసటి ఏడు ఆయన వచ్చి, “ఎడమకన్ను ముందు బూజు పట్టినట్టుంది అబ్బాయ్” అన్నారు. లేజరు చేయించుకోవాల్సిన అదును దాటిపోయింది. ఆ ఏడాదిని ఆయన పోగొట్టుకోలేదు, నేనే పోగొట్టాను. ఆ మాట ఆయనతోనే అన్నాను, వాళ్ల అబ్బాయి ఎదురుగా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుడికంటి సంగతి అడిగారు.

ఇప్పుడు తలుపులు మూసి, కిటికీలకి నల్లగుడ్డ కట్టాకే మొదలుపెడుతున్నాను. రెండో కన్ను తీసేముందు ఆగుతున్నాను. బొమ్మ రానప్పుడు, డాక్టరుగారు సరేనంటేనే కంటిపాపను విచ్చుకునేలా చేసే చుక్కల మందు వేస్తున్నాను. నీటికాసుల ముప్పు ఉన్నవాళ్లకి ఆ చుక్కలు ప్రమాదం. పైగా కొన్ని గంటలు దగ్గరి చూపు మసకబారుతుంది, బండి నడపకూడదు. ఇవన్నీ చెప్పి, తోడొచ్చిన వాళ్లకి అప్పగించాకే పంపుతున్నాను. అప్పటికీ రాకపోతే రాలేదనే రాస్తున్నాను. మా ఫారంలో ‘ఉంది’, ‘లేదు’ అని రెండే గడులు. పక్కనే పెన్నుతో మూడోది గీసుకుంటాను: ‘కనబడలేదు, మళ్లీ తీయాలి.’ దాన్ని అచ్చులోనే వేయించమని పై వాళ్లకి రాశాను. వేసేదాకా రాస్తూనే ఉంటాను.