నన్ను ఒళ్ళో పెట్టుకున్న ముగ్గురు

నేను ఐర్లండ్‌లో పుట్టిన ఇలిన్ పైప్స్‌ని. 19వ శతాబ్దంలో డబ్లిన్ నగరం థామస్ స్ట్రీట్‌లో కాయిన్ అనే వాద్యాలు తయారుచేసేవారి దుకాణం ఉండేది. నన్ను మలిచింది అక్కడే. తెలుగు పల్లెల్లో కథ చెప్పేవాళ్ళ వెనక శ్రుతి పట్టే మేకతోలు తిత్తి ఉంటుంది చూడండి, నాదీ ఆ వంశమే. అయితే నన్ను నోటితో ఊదరు. వాయించేవాడు కూర్చుని, కుడి మోచేతి కింద చిన్న గాలితిత్తి కట్టుకుని, ఎడమ చంకలోని తోలుసంచిని నింపుతూ ఉంటాడు. స్వరాలు పలికే గొట్టం అతని తొడ మీద ఆనుతుంది. మూడు గొట్టాలు ఆగకుండా శ్రుతి పడతాయి. మరో మూడింటి మీటల్ని మణికట్టుతో నొక్కితే పాటకు తోడు స్వరాలు వస్తాయి. వేళ్ళు, మోచేతులు, మణికట్టు, తొడ అన్నీ ఒకేసారి సంగీతంలో ఉండాలి. నా లోపలి రెల్లు పీకలు చలికి ఒకలా, ఎండకు ఒకలా పలుకుతాయి. నన్ను మచ్చిక చేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అంత ఓపిక పట్టినవాళ్ళను గౌరవించడం గురించే నా కథ.

ఆ శతాబ్దం మధ్యలో వచ్చిన కరువు ఐర్లండ్ పల్లెల్ని ఖాళీ చేసింది. వాయించేవాళ్ళలో ఎందరో చనిపోయారు, ఎందరో ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1908 నాటికి నేను లండన్‌లో ఒక తాకట్టు దుకాణంలో, సంచిలో ముక్కలుగా పడి ఉన్నాను. జేమ్స్ ఎనిస్ ఆ సంచి కొన్నాడు. విడిపోయిన గొట్టాల్ని చూసి వాటి గొంతును ఊహించుకోగలిగిన మనిషి ఆయన. 1912లో ఇరాక్టస్ ఉత్సవం పోటీల్లో ఆయనకు ఇలిన్ పైప్స్‌లో రెండో బహుమతి, నోటితో ఊదే యుద్ధపు పైపుల్లో మొదటిది వచ్చాయి. బహుమతి అనే మాట ఆ ఇంట్లోకి అలా వచ్చింది.

జేమ్స్ కొడుకు షేమస్ 1919లో పుట్టాడు. నా జీవితంలో పెద్ద భాగం ఆయనదే, అందుకే ఆయన దగ్గర కాస్త ఆగుతాను. 1942లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఆయనకు పెన్ను, కాగితాలు, సైకిలు ఇచ్చి, వారానికి 3 పౌండ్ల జీతం మీద పడమటి ఊళ్ళకు పంపింది. పని పాటలు సేకరించడం. 1947 వరకు తిరిగి దాదాపు 2,000 పాటలు, వాద్య బాణీలు రాసుకున్నాడు. కొనెమారా తీరంలో గ్లిన్స్క్ అనే చోట కోలమ్ ఓ కీహాన్ ఉండేవాడు. చేపలు పట్టుకుంటూ, కాస్తంత పొలం చేసుకుంటూ బతికే మనిషి. ఆయన ఒక్కడి దగ్గరే షేమస్‌కు 200కు పైగా దొరికాయి. ఆయనతో పాటు పనికి వెళ్తూ, ఆయన ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటూ రాసుకున్నవవి. ఆ పాటలన్నీ నాకు షేమస్ వేళ్ళ ద్వారా తెలుసు. ఒక బాణీ వాయించే ముందు అది ఎవరి దగ్గర విన్నదో, ఏ ఊరిదో ఆయన చెప్పేవాడు. నా దృష్టిలో అది తొలి గౌరవం.

పోటీలు వద్దని నేననను. 1951లో మలింగార్ పట్నంలో మొదలైన ఫ్లా క్యోల్ ఉత్సవం లేకపోతే, ఎన్నో పల్లెల పిల్లలకు ఫిడేలు పట్టాలన్న కోరికే పుట్టేది కాదు. కానీ పోటీలో న్యాయనిర్ణేతలకు దొరికేవి కొద్ది నిమిషాలు. కొద్ది నిమిషాల్లో వేళ్ళ వేగం తెలుస్తుంది, జీవితకాలం మోసుకొచ్చింది తెలియదు.

షేమస్ చివరి ఏళ్ళు డబ్లిన్‌కు ఉత్తరాన నాల్ అనే ఊళ్ళో, ఒక ట్రెయిలర్ ఇంట్లో గడిచాయి. 1982లో పోయాడు. నన్ను లియమ్ ఓఫ్లిన్‌కు రాసిచ్చాడు.

లియమ్ కిల్డేర్ జిల్లావాడు. లియో రౌసమ్ దగ్గర నేర్చుకున్నాడు, షేమస్‌తో ఒకే ఇంట్లో ఉండి విన్నాడు. 1972లో మొదలైన ప్లాంక్స్టీ బృందంతో ఈ వాద్యాన్ని కుర్రకారు దగ్గరకు తీసుకెళ్ళాడు. షాన్ డేవీ రచించిన ‘ద బ్రెండన్ వాయేజ్’లో ఆర్కెస్ట్రా ముందు కూర్చుని వాయించాడు. తోలు పడవలో అట్లాంటిక్ దాటిన యాత్ర మీద కట్టిన సంగీతం అది. ఆర్కెస్ట్రాతో కలవాలంటే డి శ్రుతి పైపులు కావాలి. నాది దానికంటే కిందికి దిగిన గొంతు, కాబట్టి అక్కడ నాకు చోటు లేదు. అయినా గట్టిగా మాట్లాడని లియమ్‌కు ఈ దిగిన గొంతు బాగా నప్పింది.

ఇక గ్రాదమ్ క్యోల్ అవార్డులు. ఐరిష్ భాషలో నడిచే టీజీ4 టెలివిజన్ 1998లో వీటిని మొదలుపెట్టింది. వీటిలో పోటీ లేదు, మార్కులు లేవు, దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. తెలిసినవాళ్ళ బృందం ఒకటి కూర్చుని ఎంపిక చేస్తుంది. ఆ ఏటి సంగీతకారుడితో పాటు యువ వాద్యకారుడికి, గాయకుడికి, స్వరకర్తకు, జీవితమంతా ఈ సంగీతానికిచ్చిన పెద్దలకు అవార్డులుంటాయి. మొదటి ఏడాది ప్రధాన అవార్డు డొనెగాల్ ఫిడేలు విద్వాంసుడు టామీ పీపుల్స్‌ది. తీసుకున్నవాళ్ళు వేదిక మీద వాయిస్తారు, దేశం ఇంట్లో కూర్చుని వింటుంది. ఒకప్పుడు వంటింటి పొయ్యి చుట్టూ నలుగురి మధ్యే తిరిగిన సంగీతానికి అంతమంది నిశ్శబ్దంగా చెవి ఒగ్గడమే నాకు అవార్డుకంటే పెద్దదనిపిస్తుంది. 2007లో ఆ ఏటి సంగీతకారుడు లియమ్. మరుసటి ఏడు క్లేర్ జిల్లా ఫిడేలు వాద్యకారుడు మార్టిన్ హేస్.

లియమ్ పేరు వినగానే షేమస్ గుర్తొచ్చాడు. ఆయన బతికుండగా ఈ అవార్డే లేదు. కోలమ్‌కు అలాంటిదొకటి ఉండవచ్చన్న ఊహ కూడా వచ్చి ఉండదు. ఈ సంగీతం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వస్తుంది. వేదిక మీద నిలబడేది చివరి చెయ్యి. ముందున్న చేతుల పేర్లు చెప్పకపోతే గౌరవం సగమే అందినట్టు.

అదే 2007లో ఇంకొకటి జరిగింది. సైకిలు మీద తిరిగిన రోజుల్లో షేమస్ ఐరిష్‌లో రాసుకున్న డైరీ ‘మిష అన్ ఫర్ క్యోల్’ అన్న పుస్తకంగా అచ్చయింది. రియనక్ ఈ ఓగాన్ దానికి సంపాదకత్వం వహించారు. ఏ ఇంట్లో ఏ పాట విన్నాడో, ఎవరు వాన రాత్రి తలుపు తీశారో, ఎవరు టీ పోశారో అన్నీ ఉన్నాయి అందులో. కోలమ్ అందులో పేజీల కొద్దీ ఉన్నాడు.

2017లో యునెస్కో ఇలిన్ పైప్స్ వాదనాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. 2018 మార్చిలో లియమ్ పోయాడు. డబ్లిన్ హెన్రియెట్టా స్ట్రీట్‌లోని పైపర్ల సంఘంలో ఇప్పుడు పిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్ళలో కొందరు రేపు గ్రాదమ్ వేదిక ఎక్కుతారు. వాళ్ళని నేనడిగేది ఒక్కటే. గాలితిత్తి కట్టుకుని, మొదటి బాణీ ఎత్తుకునే ముందు, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి. గ్లిన్స్క్ బాణీ అయితే కోలమ్ పేరు చెప్పండి.