జమ్ము మిగిలితేనే నేను

నేను బావురుపిల్లిని. కొల్లేటి చుట్టూ చెరువులున్నవాళ్లకు మాత్రం దొంగపిల్లిని. గట్టు మీద నా అడుగుజాడ కనబడితే చాలు, పోయిన చేపలన్నీ నా పద్దులోకే ఎక్కుతాయి. దేవుడు నన్ను నీళ్ల కోసమే పుట్టించాడు, కాదనను. నా వేళ్ల మధ్య కొద్దిపాటి తోలు పొర ఉంది. పైబొచ్చు కింద దట్టంగా పట్టేసిన లోబొచ్చు తడిని ఒంటిదాకా రానివ్వదు. రాత్రిపూట మడుగు అంచున పొట్ట నేలకానించి పొంచి ఉండి, నీటిపైన కదలిక తగలగానే పంజాతో చేపను ఒడ్డుకు లాగేస్తాను. అందకపోతే నీళ్లలోకే దూకుతాను. ఈ పనితనం మీద నాకు గర్వముంది. కానీ ఈ వేటంతా అంచు నీళ్లలోనే సాగుతుంది. చెరువు నడిమధ్య తిరిగే బొచ్చెలూ శీలావతులూ నాకు తేలిగ్గా చిక్కవు. ఎలుకలు కూడా నా తిండే. గట్లకు బొరియలు పెట్టే ఆ ఎలుకలను తిన్నందుకు నా పేరున జమ ఏ పద్దులోనూ లేదు.

చెరువులొచ్చాక నీకు తిండి పెరిగింది కదా, నువ్వు దాగే జమ్ము గడ్డి పోతే నష్టమేమిటని అడుగుతారు. తిండి ఉన్న మాట నిజమే. కూనలను ఎక్కడ దాచుకోను? చలి తగ్గే రోజుల్లో జతకట్టి, రెండు నెలలకు పైగా మోసి, ఎండలు ముదిరే వేళకు ఈనుతాం. సరిగ్గా అప్పుడే కొల్లేట్లో నీరు తీస్తుంది, జమ్మూ కిక్కిసా ఎండుతాయి, ఎవరో నిప్పు పెడతారు. కళ్లు తెరవని కూన పరుగెత్తలేదు. నోట కరుచుకుని చెరువు గట్టెక్కితే అక్కడ పొక్లెయిన్ చెక్కిన మట్టి తప్ప గడ్డిపోచ ఉండదు. ఆ గట్టు దాటితే మరో గట్టు. ఏలూరు–కైకలూరు రోడ్డు దాటడం ప్రాణాలతో చెలగాటం.

చట్టం నన్ను పెద్దపులితో సమానంగా మొదటి షెడ్యూలులో పెట్టింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అయింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పగలగొట్టారు; చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. పిల్లి కోసం మనుషుల పొట్ట కొడతారా అనే మాట న్యాయమైనదే. అభయారణ్యం బయటి చెరువులు మూయమని నేను అడగను. ఉప్పుటేరు, బుడమేరు, తమ్మిలేరు ఒడ్ల వెంట జమ్మును వెడల్పాటి చారగా వదలండి. ఎండాకాలం గడిచి, కూనలు సొంతంగా తిరిగేదాకా దానికి నిప్పు పెట్టకండి. ఏటిగట్టుకు కోత పడకుండా కాపాడేదీ, వలస పక్షికి చాటిచ్చేదీ, చేప గుడ్లకు నీడయ్యేదీ ఆ జమ్మే కాబట్టి, నా కోసం వదిలిన చార చేపలు పట్టి బతికేవాళ్లకూ దక్కుతుంది.