మూత తీసి చూడండిరా

జీపు నడిదారిలో ఆగిపోతే ఇప్పటి మెకానిక్కులు అడిగే మొదటి మాట "స్కానర్ పెట్టిండ్రా?" అని. మా జ్యోతినగర్‌లో కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాడు మొన్న ఓ పాత పెట్రోలు జీపు బానెట్ లేపి, అటూ ఇటూ తడిమి, "కాకా, దీనికి సాకెట్ ఏడుంది?" అన్నాడు. "సాకెట్ లేదు బిడ్డా, ముక్కు పెట్టు" అన్నాను. నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు.

ఈ బొగ్గుబాయిల సీమలో లారీ అంటే డీజిలే. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీలు మొదలైన దగ్గర్నుంచి బరువులకు డీజిలే దిక్కయింది. డీజిలు బండికి కార్బురేటరే ఉండదు, దాని రోగాలు వేరు. కార్బురేటర్ గోలంతా పెట్రోలు జీపులది, అంబాసిడర్లది, మూల పడకుండా మిగిలిన పాత డాడ్జి, ఫార్గో లారీలది. 1978 నవంబరులో మొరార్జీ దేశాయి ఇక్కడ రామగుండంలో థర్మల్ కేంద్రానికి పునాదిరాయి వేసినప్పటి నుంచి 1983లో మొదటి యూనిట్ నడిచేదాకా కాంట్రాక్టర్ల జీపులకు పగలూ రాత్రీ లేదు. బొగ్గుకైతే తర్వాత సొంత రైలు మార్గమే వేసుకున్నారు. మనుషులకు జీపే గతి.

జీపు ఆగితే మా ఉస్తాదు ముందే కార్బురేటర్ జోలికి పోయేవాడు కాదు. పెట్రోలు ఎందాక వచ్చి ఆగిందో చూసేవాడు. నిప్పు రవ్వ పడకుండా ముందు కాయిల్ వైరు పీకేవాడు. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, కింద సీసా పట్టి, హ్యాండిల్ తిప్పమనేవాడు. పెట్రోలు ఆగి ఆగి గట్టిగా చిమ్మిందా, ట్యాంకు, ఫిల్టరు, పంపు మూడూ బాగున్నట్టే. తప్పు కార్బురేటర్లో వెతకాలి. చుక్కచుక్కగా కారిందా, తప్పు వెనకే ఉంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి వాసన చూసేవాడు. ఇంజనాయిల్ పెట్రోలు కంపు కొడితే పంపు డయాఫ్రం చినిగిందని లెక్క. పైసా ఖర్చు లేదు.

కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అవుతుంటే దాని ఇత్తడి ఫ్లోటు బయటికి తీసి చెవి దగ్గర ఊపేవాడు. లోపల గలగలమంటే చిల్లి పడి పెట్రోలు దూరినట్టు. చిల్లి ఎక్కడో కంటికి ఆనదు. వేడినీళ్లలో ముంచితే అక్కణ్నుంచి బుడగలు లేస్తాయి. లోపలి పెట్రోలు అంతా ఆవిరై పోయిందని తేలాకే సోల్డరింగ్, లేకపోతే చేతిలోనే పేలుతుంది. ఆ సోల్డరు కూడా చిటికెడంటే చిటికెడే. చెయ్యి జారి ఎక్కువ పడిందంటే ఫ్లోటు బరువెక్కి లోతుకు దిగుతుంది, గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది, మళ్లీ అదే ఓవర్‌ఫ్లో. ఇప్పుడు ఇదంతా చేసే ఓపిక ఎవరికుంది? "కిట్ మార్చేద్దాం కాకా" అంటారు. పాత ఫ్లోటులో ఏముందో చూడనైనా చూడరు.

మా రోజుల్లో తెలివితక్కువ వాళ్లు లేరని కాదు. జెట్టులో కచరా పడితే నోటితోనో పంపుతోనో గాలి కొట్టాలి. కొందరు తీగ పెట్టి పొడిచేవారు. ఆ బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైనా బండి నల్లపొగ కక్కుతుంది, మైలేజీ సగానికి వస్తుంది.

మే నెల వచ్చిందంటే ఇంకో బాధ. రామగుండంలో 45 డిగ్రీలు వింతేమీ కాదు. నడుస్తున్నంతసేపు బండి బాగానే ఉంటుంది. చౌరస్తాలో చాయ్ తాగి వచ్చి హ్యాండిల్ తిప్పితే లేవదు. గాలి తగలక ఇంజను వేడంతా దాన్నే అంటుకొని ఉన్న పంపుకు ఎక్కి, లోపలి పెట్రోలు మరిగిపోతుంది. పంపు పెట్రోలును తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. ఆవిరి నలిగి మళ్లీ ఉబ్బుతుందంతే. అందుకే సీటు కింద గోనెపట్టా ముక్క, నీళ్ల క్యాను ఉండేవి. తడిపట్టా పంపు మీద కప్పి, ఇంకో చాయ్ తాగితే చాలు. ఈ ఒక్క విషయంలో కొత్త బండ్లను మెచ్చుకోక తప్పదు. వాటి పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో తోస్తుంది గనుక దారిలో అంత సులువుగా మరగదు.

పెట్రోలు మాత్రం? అప్పట్లో నీలిరంగు రేషను కిరోసిన్ కలిపేవాళ్లు. కాగితం మీద చుక్క వేస్తే దొంగ దొరికేవాడు: మంచి పెట్రోలు మరక లేకుండా ఎగిరిపోతుంది, కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది. ఇప్పుడు సర్కారే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుపుతోంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. కొత్త బండ్లు తట్టుకుంటాయేమో, పాత డయాఫ్రం రబ్బరుకు అది పడదు. నీళ్లను కూడా పీల్చుకుంటుంది. మునుపు సీసాలో పట్టి నిలబెడితే నీళ్లు అడుగున కనిపించేవి. ఇప్పుడు కొంతదాకా కలిసిపోయి కనబడవు. హద్దు దాటాక ఇథనాల్‌ను కూడా వెంటేసుకొని ఒక్కసారే అడుక్కు దిగుతాయి. వర్షాకాలం నెలరోజులు నిలిపి ఉంచిన జీపు లేవకపోతే కార్బురేటర్‌ను తిట్టే ముందు ట్యాంకు అడుగు వంపి చూడాలి.

ఇంతకీ మొన్నటి జీపు సంగతి. నాలుగైదు కిలోమీటర్లు నడిచి ఆగుతుంది, కాసేపు నిలిపితే మళ్లీ లేస్తుంది. కుర్రాడు కార్బురేటర్ కిట్ వేశాడు, పంపు కొత్తది బిగించాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. నన్ను పిలిచారు. బానెట్ ముట్టుకోలేదు, వెళ్లి ట్యాంకు మూత తిప్పాను. 'స్స్'మని గాలి లోపలికి పోయింది. సెల్ఫు కొడితే బండి లేచింది. మూతకుండే గాలి రంధ్రం బొగ్గుదుమ్మూ జిడ్డూ కలిసి పూడిపోయింది. పెట్రోలు బయటికి రావాలంటే ఆ జాగాలోకి గాలి పోవాలి కదా. జెట్టుకు తీగ పనికిరాదు గాని, మూతకు పిన్నీసు చాలు.

"మరి ఆ పాత పంపు ఏదిరా?" అనడిగాను.

"స్క్రాపుకు ఏసిన కాకా."

బంగారంలాంటి పంపు.