కాటా మీద చట్టం

పాయకరావుపేట మీదుగా పోయే హైవే మీద గంజాయి పట్టుబడితే జరిగే తంతుకి పెళ్లి తంతుకున్నంత పద్ధతుంది. ముందు వీఆర్వోలకు కబురెళ్తుంది, మధ్యవర్తుల సంతకాలు కావాలి కాబట్టి. తహశీల్దారుగారు దయచెయ్యాలి. కాటా రావాలి. అప్పుడు కొబ్బరిబొండాల అడుగునుంచో, పనసకాయల మధ్యనుంచో, వ్యానుకి కింద కట్టించుకున్న దొంగ అరలోంచో బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు బయటికొస్తాయి. తూకం, శాంపిల్, సీలు. ఆపైన అసలు ముహూర్తం: పొట్లాలు గోపురంలా పేర్చి, వెనక అధికారులు హోదా ప్రకారం నిలబడి, ముందు ముసుగులేసిన కుర్రాళ్లని గొంతుక్కూర్చోబెట్టి ఫోటో.

మర్నాడు జిల్లా పేజీలో ఎన్ని కిలోలో, ఎన్ని లక్షలో, ఎన్ని సెల్‌ఫోన్లో వస్తాయి. ఏ-1 డ్రైవరు. ఏ-2 క్లీనరు. ఏ-3 పైలట్‌గా బండి మీద ముందు పోయినవాడు. సరుకు పంపినవాడూ, డబ్బులు పెట్టినవాడూ 'పరారీలో ఉన్నారు'. ఈ పరారీ అనేది ఎక్కడో పెద్ద ఊరే అయ్యుండాలి, ఆసాములందరూ అక్కడే కాపురం.

ఇది ఒక పార్టీ కథ కాదు. 2021లో గత ప్రభుత్వం 'ఆపరేషన్ పరివర్తన' అని ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయికి సాక్షాత్తూ డీజీపీగారే నిప్పు పెట్టారు. 2024లో వచ్చిన ప్రభుత్వం 'ఈగల్' అనే కొత్త విభాగం పెట్టి, 1972 అని ఫోన్ నంబరిచ్చింది. పైగా ఈసారి హోంమంత్రి పాయకరావుపేట ఎమ్మెల్యేగారే. ఇప్పుడు మన కొండల్లో సాగు దాదాపు లేదు, వచ్చేదంతా ఒడిశా సరుకేనని చెబుతున్నారు. సంతోషం. ఫోటోలో నిలబడే వరస మాత్రం అలాగే ఉంది. సరుకు పేరూ అదే, శీలావతి.

గంజాయి మంచిదని నేననడం లేదు. కాలేజీ గేటు దగ్గర పొట్లం అమ్మేవాణ్ణి లోపలెయ్యాల్సిందే. నా పేచీ కాటాతో. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. అక్కడ శిక్ష పదేళ్ల నుంచి మొదలు, బెయిలు గగనం. కూలికి మూట మోసిన గిరిజన కుర్రాడు 21 కిలోలతో దొరికితే వాడు వాణిజ్యవేత్త. ఆ వాణిజ్యంలో లాభం తిన్నవాడు కాటా ఎక్కడు కనక వాడి బరువు ఎవరికీ తెలీదు.

అదే చట్టంలో 8వ సెక్షన్ ఉంది. పండించకూడదు, అమ్మకూడదు, దగ్గరుంచుకోకూడదు అంటూనే 'వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప' అని ఒక ముక్క చేర్చింది. ఈ చట్టాన్ని నలభై ఏళ్లుగా అమలు చేస్తున్నవాళ్లు ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీసేస్తారు.

నల్లమందు నుంచి తీసే నొప్పిమందు, మార్ఫిన్ సంగతి చూడండి. నల్లమందును లైసెన్సిచ్చి పండించే అతి కొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండించి సర్కారుకి తూచి ఇస్తారు, అందులో చాలా భాగం విదేశాల రోగుల నొప్పి తీర్చడానికి ఓడెక్కుతుంది. మరి మన రోగులో? 1985కు ముందు దేశంలో ఏటా వందల కిలోల మార్ఫిన్ వాడేవారు. చట్టం వచ్చాక లైసెన్సు మీద లైసెన్సు, తప్పు జరిగితే పదేళ్ల జైలు. డాక్టర్లు రాయడం మానేశారు, షాపులు తేవడం మానేశాయి. 1997 నాటికి వాడకం 18 కిలోలకు దిగింది. కిలోల లెక్కల్లో ఇంత పెద్ద విజయం సాధించి కూడా ఒక్క ప్రెస్‌మీట్ పెట్టకపోవడం అధికారుల వినయానికి నిదర్శనం.

కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగితే 2014లో పార్లమెంటు చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క లైసెన్సు చాలంది. ఇప్పుడు మీ వీధి చివర మందుల షాపుకెళ్లి మార్ఫిన్ మాత్ర అడగండి. షాపాయన మిమ్మల్ని ఎగాదిగా చూసి, షట్టర్ సగం దించుతాడు. అదే షాపుల్లో నిద్రమాత్రలూ, ట్రమడాలూ చీటీ లేకుండా పోతున్నాయని 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' పేరుతో రాష్ట్రమంతా దాడులు చెయ్యాల్సొచ్చింది. మత్తు కావాల్సినవాడికి మందు దొరుకుతోంది, నొప్పి ఉన్నవాడికి చట్టం దొరుకుతోంది.

మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి కేన్సర్‌కి అదే కారణమని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. ఆ చుట్టకి ఏ టోల్‌గేటూ అడ్డం రాదు. పుండు ముదిరి ముసలమ్మ రాత్రంతా అరుస్తుంటే, ఆ అరుపు ఆపే మందు కోసం కొడుకు విశాఖ బస్సెక్కాలి.

గంజాయి మొక్క గొడవ ఇంకా రంజైనది. చట్టం దృష్టిలో పూత గంజాయి, పూత లేని వట్టి ఆకు కాదు. అందుకే కాశీలో సర్కారు అనుమతి బోర్డు పెట్టి మరీ భంగు అమ్ముతారు. ఆ ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు లైసెన్సుతోనే తయారవుతాయి. 2018 నుంచి ఉత్తరాఖండ్‌లో మత్తు తక్కువ రకం మొక్కకి సాగు లైసెన్సులిస్తున్నారు. 2020 డిసెంబరులో వియన్నాలో ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో గంజాయిని అతి ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తీసెయ్యాలని ఓటింగ్ పెడితే భారతదేశం సరేనంది. 27-25తో నెగ్గింది. అంటే మన ఓటు అటు పడితే ఫలితం తారుమారే. వియన్నాలో అంత ధైర్యంగా చెయ్యెత్తిన దేశం ఏజెన్సీలోని చింతపల్లి రైతుతో మందు కోసం సాగు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. తోట నరికినవాళ్లు కాఫీ వేసుకో, మిరియాలు వేసుకో అన్నారు. మంచి సలహాలే. 1893లో తెల్లదొరలు సైతం ఈ మొక్క మీద కమిషన్ వేసి, వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, ఏడు సంపుటాల నివేదిక రాయించారు. మనకి పంచనామా చాలు.

హోంమంత్రిగారు పేటకి వచ్చినప్పుడు విలేకరులు ఎప్పుడూ ఎన్ని కిలోలు పట్టుకున్నారనే అడుగుతారు. ఈసారి పాయకరావుపేట నియోజకవర్గంలో మార్ఫిన్ ఇవ్వడానికి గుర్తింపున్న ఆసుపత్రులెన్ని, కిందటేడు ఎన్ని గ్రాములు ఇచ్చారు అని అడగండి. గ్రాముల్లోనే చాలు, మధ్యవర్తుల సంతకాలు కూడా అక్కర్లేదు.