బోరింగు వద్దు, బంతి ముద్దు

మళ్లీ వాలీబాలే. ఫొటో మీరూ చూసే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల గూడెం, నడుమ నెట్టు, ఇటు పంపిణీకి వచ్చిన అధికారులు, అటు ఆదివాసీ కుర్రాళ్లు, అందరి చేతులూ ఒకే బంతి మీద. నవ్వమన్నారు కాబట్టి నవ్విన ముఖాలు. పక్కనే దుప్పట్ల కట్ట.

వాలీబాల్ మీద నాకు పగేమీ లేదు, మంచి ఆట. కానీ ఇరవయ్యేళ్ల కిందట ఇల్లు తగలబడి, పిల్లల్ని చంకనేసుకుని అడవులు దాటి వచ్చినవాళ్లకు ముందుగా కావలసింది బంతేనని కనిపెట్టిన మహానుభావుడెవరో, ఆయనకు ఒక దండ బాకీ ఉన్నాం. అంతర్యుద్ధాల్లో ఊళ్లు వదిలి పారిపోయినవాళ్లకు ఏమేం కావాలో ఐక్యరాజ్యసమితి 1998లోనే మార్గదర్శక సూత్రాలు రాసిపెట్టింది. తిండి, తాగునీరు, గూడు, బట్ట, వైద్యం, గుర్తింపు పత్రాలు అని ముప్పై సూత్రాలున్నాయి. ఎంత వెతికినా అందులో నెట్టు కనపడదు. పాపం, రాసినవాళ్లకు మన ఏజెన్సీ అనుభవం లేదు.

అసలు బంతిలో ఉన్న సుగుణాలు చూడండి. బంతికి అటవీశాఖ అనుమతి అక్కర్లేదు. రిజర్వు ఫారెస్టులో బోరు దింపాలంటే ఫైలు కదలాలి. బంతి జీపెక్కి వచ్చేస్తుంది. కరెంటు స్తంభం పాతితే అక్కడో ఊరుందని ఒప్పుకున్నట్టే. అంగన్‌వాడీ తెరిస్తే ఆ ఊళ్లో పిల్లలున్నారని రాతమూలకంగా ఇరుక్కున్నట్టే. బంతి ఇస్తే దేనికీ ఒప్పుకోనక్కర్లేదు. రేపెప్పుడైనా గుడిసెలు పీకాల్సి వస్తే గాలి తీసేస్తే సరిపోతుంది.

నెట్టు సంగతి ఇంకా రమ్యం. దానికి రెండు గుంజలు పాతాలి. అదే గుంజ పోడు చేను కంచెకు పాతితే ఆక్రమణ, కేసు. ఆటకు పాతితే క్రీడాభివృద్ధి, రిబ్బన్‌ కటింగ్‌. ఒకే అడవి, ఒకే కర్ర. గీత ఎక్కడ గీయాలో తెలియక గొత్తికోయలు అనవసరంగా వ్యవసాయం చేస్తున్నారు గానీ, పోడంతా కోర్టులుగా మార్చి చుట్టూ నెట్లు కట్టుకుంటే ఏ రేంజరూ అడ్డురాడు.

నిజం చెప్పాలంటే ఈ పంపిణీల్లో అక్కరకొచ్చే సరుకు ఒకటుంది: ఫ్లెక్సీ. వచ్చినవాళ్ల ఫొటోలన్నీ పట్టాలి కనుక గుడిసె గోడ కన్నా పెద్దదే ఉంటుంది. సభయ్యాక విప్పి కప్పు మీద పరుచుకుంటే వానాకాలం గడుస్తుంది. పక్కా ఇల్లు మంజూరు కాకపోయినా, మంజూరు చేయనివాళ్ల బొమ్మలు నెత్తికి నీడనిస్తున్నాయి.

కెమెరా ఎప్పుడూ వాగు వైపు తిరగదు. అక్కడ ఎండిన ఇసుకలో మోచేతి లోతున చెలమ తీసి, ఆనపబుర్రతో నీళ్లు తోడుతూ ఒకామె కూర్చుని ఉంటుంది. రెండు బుర్రలు తోడగానే అడుగున మట్టి తేలుతుంది. మళ్లీ ఊట వచ్చేదాకా ఆగాలి. వెనక మరో ముగ్గురు బిందెలతో వంతు కోసం నిలబడి ఉంటారు. కడుపుతో ఉన్నామె నొప్పులు పడితే డోలీ కట్టాల్సిందే. కూంబింగ్‌కు వెళ్లే బండికి దొరికే దారి అంబులెన్సుకు దొరకదు.

వీళ్లు సరదాకి వచ్చినవాళ్లు కాదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, మావోయిస్టులను అణిచే పేరుతో సల్వాజుడుం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి జనాన్ని శిబిరాలకు తోలింది. శిబిరానికి వెళ్తే ఇన్‌ఫార్మరని మావోయిస్టులు చంపారు, వెళ్లకపోతే మావోయిస్టని జుడుం చంపింది. యాభై వేల మంది దాకా ఇటు తెలుగు నేలకు పారిపోయి వచ్చారని అంచనా. ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులని పేరు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. తగలబెట్టడం తప్పని తేలింది, సరే. తగలబడ్డవాళ్ల సంగతి తేల్చిందెవరు? అంతర్గత నిరాశ్రయుల కోసం ఈ దేశంలో ఈనాటికీ ఒక చట్టం లేదు.

ఉన్న చట్టాల వాలకం చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13ను గడువుగా పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉంటేనే పోడు పట్టా. తరిమేసినవాళ్లకు పునరావాసం ఇవ్వాలన్న నిబంధనకూ అదే తేదీ. జుడుం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. తరిమినవాళ్లు క్యాలెండర్‌ చూసుకుని తరమలేదు మరి! ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ అయిన, ఇక్కడ గొత్తికోయ అని పిలిచే మురియా మనిషి సరిహద్దు దాటేసరికి ఏ తెగా కాకుండా పోయాడు. ఇక్కడే పుట్టిన పిల్లకు పెళ్లీడొచ్చినా కులపత్రం లేదు. ఓటరు కార్డు మాత్రం చాలామందికి ఉంది. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చారు, హైకోర్టు ఆపమనాల్సి వచ్చింది. 2022లో అటవీ రేంజి అధికారిని చంపిన గొత్తికోయలకు శిక్ష పడటం సబబే. దానికి గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానం చేయడం ఏ న్యాయం?

ఇప్పుడు కొత్త పాట. నక్సలిజానికి 2026 మార్చి 31 గడువు పెట్టారు కదా, శాంతి వచ్చేసినట్టేనట, ఇక మీ ఊళ్లకు మీరు వెళ్లొచ్చుగా అంటున్నారు. ఏ ఊరికండీ? కాలిపోయిన ఇంటితో పాటు కాగితాలూ కాలిపోయినవాడు, ఇరవయ్యేళ్లుగా బీడుపడ్డ తన చేను తనదేనని ఎవరి ముందు రుజువు చేసుకోవాలి? ఇన్నాళ్లూ మిరప చేలల్లో కాయలు కోయడానికి చవగ్గా పనికొచ్చిన మనిషి పట్టా అడిగేసరికి పరాయివాడైపోతాడా?

అదే అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షన్ ఉంది. నీళ్లకు, బడికి, అంగన్‌వాడీకి, రోడ్డుకు గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదంతే. ఒక చేతిపంపుకు ఎన్ని చెట్లు అడ్డొస్తాయో లెక్కేసి చెప్పండి. వెళ్తామన్నవాళ్లకు అక్కడ భూమి, ఉంటామన్నవాళ్లకు ఇక్కడ నీళ్లు, ఇద్దరికీ కులపత్రం ఇవ్వండి. కుదరదంటారా? అయితే ‘ఇవ్వం’ అని ఫైలు మీద రాసి కింద సంతకం పెట్టండి. కోర్టుకెక్కడానికి వాళ్లకు ఆ కాగితమైనా పనికొస్తుంది.