హెడ్‌సెట్ కొనాలా? ఎండాకాలం, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి

దసరా ఆఫర్ల దాకా ఆగమని అందరూ చెప్తారు. నేను ఆగొద్దంటాను. గేమింగ్ హెడ్‌సెట్ కొనాల్సింది ఏప్రిల్ ఆఖర్లోనో మే నెలలోనో, మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు. తలకు నూనె రాసుకుని వెళ్లాలి. కళ్లజోడు ఉంటే తీయకూడదు. మెదక్‌లో రాందాస్ చౌరస్తా చుట్టుపక్కల ఏసీ లేని షాపు ఒకటి చూసుకుని, ఫ్యాన్ గాలి తగలని మూలన నిలబడి హెడ్‌సెట్ అడగండి.

ఇదేం సలహా అని ఇంట్లోవాళ్లు అంటారు. అననివ్వండి. చల్లటి షాపులో ఐదు నిమిషాలు పెట్టుకుంటే ప్రతి హెడ్‌సెట్టూ మెత్తగానే ఉంటుంది. దాని అసలు గుణం చెమట పట్టాక బయటపడుతుంది. తక్కువ ధరవాటికి ఎక్కువగా రెగ్జిన్ కుషన్లే వస్తాయి. అవి చెవి చుట్టూ గట్టిగా మూసుకుంటాయి కాబట్టి బేస్ బాగా వినిపిస్తుంది, బయటి గోల లోపలికి రాదు. కానీ గాలి కూడా ఆడదు. మే నెలలో పావుగంట గడిచేసరికి కణతల నుంచి చెమట దిగుతుంది. ఆ చెమటా, తల నూనే కలిసి కొన్నాళ్లకు రెగ్జిన్‌ను పగలగొడతాయి. నల్లటి పొట్టు రాలి చెవులకు అంటుకుంటుంది. గుడ్డ కుషన్ ఉన్నవాటిలో బేస్ కాస్త కారిపోతుంది, వీధిలో ఆటో హారన్ కొంచెం వినబడుతుంది. మన ఊరి ఎండకు ఆ నష్టం భరించడమే మేలు.

కనీసం అరగంట తల మీద ఉంచుకోండి. షాపతను విసుక్కుంటే టీ తెప్పించి ఇద్దరూ తాగండి, కానీ తీయకండి. నొప్పి మొదట మూడు చోట్ల లేస్తుంది: నడినెత్తిన, చెవి పైఅంచున, కళ్లజోడు కాడ నొక్కుకునే చోట. మూడోది చాలామంది పట్టించుకోరు. కాడ వల్ల కుషన్‌కూ చర్మానికీ మధ్య సందు పడి, అందులోంచి బేస్ పోతుంది. ఇదే హెడ్‌సెట్ బాగుందని దోస్తు చెప్తే కళ్లజోడు ఉన్నవాళ్లకు పేలవంగా వినిపించేది ఇందుకే. ఇక చెవి మొత్తం కుషన్ లోపల పట్టాలి, లోపలి గుడ్డకు తగలకూడదు. తగిలితే గంటలో చెవి ఎర్రబడుతుంది.

బరువు మాట నమ్మొద్దు, తూయించండి. పక్కన కిరాణా కొట్టు ఉంటుంది, ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది, అడిగితే కాదనరు. వైరుతో సహా 300 గ్రాములు దాటితే నేనైతే అక్కడే వదిలేస్తాను. 250 దగ్గరుంటే మెడకు హాయి.

ఇక సౌండు. షాపులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఓ డీజే పాట పెట్టి, వాల్యూమ్ నిండా పెంచి, "బేస్ చూడన్నా, దిమ్మ తిరుగుతది" అంటారు. తిరుగుతుంది కూడా. అంత వాల్యూమ్‌లో మూడు వందల రూపాయల హెడ్‌ఫోన్ కూడా దిమ్మ తిప్పుతుంది. మీరు వాల్యూమ్ పావు వంతుకు తగ్గించమనండి. బయట బస్సులు పోతుంటే, షాపులో నలుగురు మాట్లాడుతుంటే, ఆ తక్కువ సౌండులోనే వినండి. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర శబ్దాలు ఎక్కువగా తగ్గిపోతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. పెంచితే బేస్ ఉబ్బి అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. తగ్గించినప్పుడు కూడా పాటలో మాటలు విడివిడిగా వినిపిస్తే అది మంచి హెడ్‌సెట్. ఆటలో మీకు కావాల్సిందీ అదే. తుపాకీ మోత ఎలాగూ వినిపిస్తుంది. మెట్ల మీద శత్రువు అడుగు వినిపించాలి. బేస్ ఉబ్బిన హెడ్‌సెట్ ఆ అడుగును మింగేస్తుంది, ఆడేవాళ్లు వాల్యూమ్ ఇంకా పెంచుతారు, చెవులు పోతాయి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు పర్వాలేదు, 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పదిహేనేళ్ల పిల్లలు రాత్రంతా స్క్వాడ్ ఆడే ఊళ్లో ఈ లెక్క ప్రతి ఇంటికీ తెలియాలి.

పెట్టె మీద 7.1 సరౌండ్ అని చూసి ఎక్కువ డబ్బు పెట్టబోతున్నారా? ముందు చర్చికి వెళ్లిరండి. నిజంగానే అంటున్నాను. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మన కెథడ్రల్‌కు 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఆదివారం కాకుండా, ఆరాధన లేని వేళ వెళ్లి, మధ్యలో ఎవరికీ అడ్డం కాకుండా కూర్చుని కళ్లు మూసుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్లు నడుస్తుంటారు. కుడి వెనక నుంచి ఒకరు, ఎడమ ముందు నుంచి ఒక పాప పరుగు. తల తిప్పకుండానే దిక్కు తెలుస్తుంది. మీకున్నవి రెండు చెవులే. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఆలస్యంగా, కాస్త తక్కువగా చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. ముందా వెనకా అన్నది చెవి డొప్ప మడతలు పట్టిస్తాయి. ఇంతటి పనిముట్టు మీ దగ్గరే ఉంది, దానికి అలవాటు చేయడమే తక్కువ.

అందుకే 7.1ను లెక్కలోకి తీసుకోవద్దంటాను. మనం కొనే ధరలో చెవికొక స్పీకరే ఉంటుంది, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. వాలరెంట్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే సెట్టింగ్ ఉంది, దిక్కులు చూపించే పని ఆటే చేస్తుంది. దాని మీద హెడ్‌సెట్‌లోని 7.1 కూడా ఆన్ చేస్తే దిక్కులన్నీ కలగాపులగం. షాపులో పరీక్షకు బీజీఎంఐ ఆటలోని ట్రైనింగ్ గ్రౌండ్ చాలు. మీరు కదలకుండా నిలబడండి, దోస్తును చుట్టూ పరుగెత్తమనండి, స్క్రీన్ చూడకుండా ఎటున్నాడో చెప్పండి. లోపలి స్పీకర్, అంటే డ్రైవర్, 50 ఎంఎందే గొప్పదా, 40 ఎంఎం గొప్పదా అన్న వాదనకూ అక్కడే జవాబు దొరుకుతుంది. సైజు పెద్దదైనంత మాత్రాన సౌండు మంచిదవదు.

బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది, తూటా తగిలాక మోత వినిపిస్తుంది. డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్‌వి త్వరగానే పనిచేస్తాయి కానీ ధర ఎక్కువ. వైరుదే తీసుకోండి, వైరు ఊడదీసి మార్చుకునేలా ఉంటే ఇంకా మంచిది. ముందుగా పాడయ్యేది అదే. ఫోన్‌కు 3.5 ఎంఎం రంధ్రం లేకపోతే టైప్‌-సి కన్వర్టర్ కూడా ఆ షాపులోనే పెట్టి చూడండి, మైక్ పనిచేయని కన్వర్టర్లు ఉన్నాయి.

మైక్ పరీక్షకు అమ్మకు ఫోన్ చేయండి. స్క్వాడ్‌లో దోస్తులు "బాగుందిరా" అనేస్తారు. అమ్మ మాత్రం "ఏడున్నవ్ బిడ్డా, బాయిల నుంచి మాట్లాడుతున్నవా?" అని ఉన్నమాట అంటుంది. అలా అంటే ఆ హెడ్‌సెట్ తిరిగిచ్చేయండి.

వైరుదానికి రెండు వేల నుంచి మూడున్నర వేల లోపు పెడితే చాలు. అంతకు మించితే సౌండు కంటే లైట్లకే ఎక్కువ కడుతున్నట్టు. కొనే రోజే కుషన్లు చేత్తో ఊడదీసి చూపించమనండి, విడిగా దొరుకుతాయా అని అడిగి, దొరికితే ఒక జత అప్పుడే తీసుకోండి. ఆర్నెల్లయ్యాక అదే సైజు అడిగితే షాపతను సికింద్రాబాద్ నుంచి తెప్పించాలంటాడు.