కొండనాలుక వైద్యులు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం బజార్లలో ఈమధ్య కొత్తరకం వైద్యులు తిరుగుతున్నారు. వీళ్ల మెడలో స్టెతస్కోపు ఉండదు, తాళాలగుత్తికి పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. అందులో ‘లైట్ ఇమేజ్’ అనే సంజీవని, అంటే భాగాలు కోసేసిన విండోస్. కాలేజీ ల్యాబ్ అయినా, సొసైటీ ఆఫీసు సర్వరైనా, ఎరువుల కొట్టు బిల్లింగ్ మిషనైనా మందు ఒకటే. “అన్నా, చెత్తంతా తీసేసిన. రాకెట్ లెక్క పోతది.”

పోతుంది, అబద్ధం కాదు. అప్‌డేట్లు పీకేసి, వైరస్‌లను ఆపే డిఫెండర్‌ను వేళ్లతో సహా తవ్వేసి, ప్రింట్ స్పూలర్‌ను పాతరేస్తే ఏ మిషనైనా మొదటి నెల పరుగెత్తుతుంది. అసలు కథ మార్చి నెలాఖరుకు మొదలవుతుంది. ఆడిట్ వాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు, ప్రింటర్ పలకదు. పాత అకౌంట్స్ ప్రోగ్రామ్ డాట్‌నెట్ 3.5 కావాలంటుంది. ఎక్కించబోతే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అని ఒక ఎర్రర్ ఎదురొస్తుంది. జాతకచక్రంలా కనిపించినా దాని భావం చిన్నదే: మూల ఫైళ్లు నీ దగ్గర లేవు నాయనా అని. ఎట్లా ఉంటాయి? విండోస్ వాటిని అప్‌డేట్ దారిలో తెచ్చుకుంటుంది, ఆ దారిని మన వైద్యుడే కోసి పారేశాడు కదా. అదే వర్షన్ అసలు డిస్కు పెట్టి, అందులోని ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌ను డిజం కమాండ్‌కు చూపిస్తే అయిపోయే పని. ఆ డిస్కు ఎవరి దగ్గరుంది? వైద్యుడొచ్చి, పెదవి విరిచి, “విండోసే ఖరాబైంది, ఫార్మాట్ కొడదాం” అంటాడు. మళ్లీ అదే పెన్‌డ్రైవ్, మళ్లీ అదే కోత. ఫీజు మాత్రం కొత్తది. ఇక ఆ ఇమేజ్ తయారుచేసి డిఫెండర్‌ను తీసిన ఊరూపేరూ లేని మహానుభావుడు దాని స్థానంలో ఏం పెట్టిపోయాడో అడిగే నాథుడే లేడు.

అన్నిటికంటే పెద్ద కోత తెలుగుకు పడింది. ఎక్స్‌పీ కాలం నుంచీ విండోస్‌తో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కనపెట్టి, కావలసినవాళ్లు తెచ్చుకునే అదనపు ఫాంట్లలో కలిపింది. తెలుగు చూపించే పని నిర్మలా యూఐకి అప్పగించింది. మన వైద్యులు ఈ భాషల ఫాంట్లు మనకెందుకని నిర్మలనూ సాగనంపితే గోదావరి ఒడ్డున గౌతమీ లేదు, నిర్మలా లేదు. అక్షరాల చోట మిగిలినవి ఖాళీ గడులు. తండ్రి పేరు గడులు, ఊరి పేరు గడులు.

లినక్సు పండితులు ఇంకో మెట్టు పైనున్నారు. ఆల్పైన్ కంటైనర్ ఇమేజ్ అయిదు ఎంబీయే అని మీసం మెలేస్తారు. ఆ అయిదు ఎంబీలో తెలుగు ముక్క గీయగల ఫాంటు ఒక్కటీ ఉండదు. డెబియన్‌లో ఫాంట్స్‌-తెలు-ఎక్స్‌ట్రా అని ఒక ప్యాకేజీ ఉంది, అందులో పోతన, వేమన పేర్లతోనే ఫాంట్లున్నాయి. నోటో ఉంది, లోహిత్ ఉంది. ఒక్కో ఫైలు బరువు వందల కిలోబైట్లు. పెళ్లిలో తీసిన ఒక ఫొటోకు తూగవు. ఫాంటు పెట్టి, అక్షరాలు కూర్చే లైబ్రరీని తీసేసినవాళ్లూ ఉన్నారు. అప్పుడు పీడీఎఫ్‌లో రావత్తు ద కిందికి చేరదు, ‘భద్‌రాచలం’ అని వస్తుంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని 2005 ప్రాంతంలో ‘స్వేచ్ఛ’ వాళ్లు మెనూ మెనూ కూర్చుని తెలుగు చేశారు. వాళ్లు చేర్చినదాన్ని వీళ్లు బరువని దించుతున్నారు.

దేనిమీద ఏది ఆధారపడి ఉందో చూడకుండా కోస్తే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పాలా? 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు కత్తిరించి ఇచ్చారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. రాముడి గుడి ఇక్కడ, రాముడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే పక్క రాష్ట్రంలో. ఇక్కడి నుంచి దుమ్ముగూడెం పోవాలంటే దారిలో ఆంధ్ర ఊళ్లు దాటాలి. పదేళ్లు దాటినా ఆ ఎర్రర్ తీరలేదు. అది పార్లమెంటు కోత, మనవల్ల కాదు. సొసైటీ సర్వర్ కోత మన చేతిలోనిదే.

ఇక పట్నం కన్సల్టెంట్ల సంగతి. “సర్వర్‌కు డెస్క్‌టాప్ ఎందుకండీ, అమెచ్యూర్లకు కావాలి అవి” అంటారు. మాటలో పస లేకపోలేదు. 2008లో మైక్రోసాఫ్ట్ డెస్క్‌టాప్ లేని సర్వర్ కోర్ తెచ్చింది ఆ లెక్కతోనే: భాగాలు తగ్గితే ప్యాచ్‌లు తగ్గుతాయి, రీస్టార్ట్‌లు తగ్గుతాయి, దొంగ దూరే సందులు తగ్గుతాయి. 2012లో నడిమధ్య మార్గం కూడా పెట్టింది. డెస్క్‌టాప్, ఎక్స్‌ప్లోరర్, బ్రౌజర్ పోతాయి, సర్వర్ మేనేజర్ ఉంటుంది, కావాలంటే మళ్లీ పూర్తి తెరకు మారొచ్చు. 2016కు ఆ మార్గం మూసేసింది. కోర్ వేసుకున్నవాడికి తెర కావాలంటే మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ఈ ముక్క కన్సల్టెంట్ గారు బిల్లు తీసుకునేటప్పుడు చెప్పరు. రైట్ క్లిక్కే సర్వవిద్య అయిన ఆపరేటర్ ముందు నల్లతెర పెట్టి, కారెక్కి వెళ్లిపోతారు. ఎస్‌కాన్ఫిగ్ అని కొడితే అంకెల మెనూ వస్తుందని, ఐపీ అడ్రసు, తేదీ, అప్‌డేట్లు అందులోంచే మార్చుకోవచ్చని ఒక్కమాట చెబితే ఏం పోయింది? ఆ పిల్లవాడు పాపం వారం రోజులు తెరవైపు చూసి, చివరికి స్విచ్ ఆపి వేశాడు. అదే అతని ట్రబుల్‌షూటింగ్.

“రిమోట్‌లో హైదరాబాద్ నుంచే చూసుకుంటాం” అనేది ఇంకో భరోసా. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజున లైను తెగితే రిమోట్ ఎక్కడిది, ఇంజనీరు ఎక్కడివాడు? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క చెడ్డ అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ మిషన్లు నీలితెర వేశాయి. అమెరికా విమానాశ్రయాల్లో కూడా చాలా మిషన్ల దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో కూర్చుని ఫైలు తీసేయాల్సి వచ్చింది. చర్లలో ఉన్న సర్వర్‌కు ఆ మనిషి చర్లలోనే ఉండాలి, ఆ నల్లతెర అతనికి అర్థం కావాలి.

ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టి లెక్క అప్పజెప్పలేదని పాల్వంచ తహసీల్దారు గోపన్నను సుల్తాను తానీషా గోల్కొండ చెరసాలలో వేయించాడు. మన వైద్యులకు ఆ భయం లేదు. తీసినదానికి లెక్క లేదు, అడిగే తానీషా లేడు.

కాబట్టి తానీషా పాత్ర మీరే వేయండి. తెర తీసేసినా ఫర్వాలేదు, ఇమేజ్ చిన్నదైనా ఫర్వాలేదు. ఏమేం తీశాడో, మళ్లీ ఎక్కించాలంటే ఏ డిస్కు కావాలో తెల్లకాగితం మీద రాయించుకుని సర్వర్ డబ్బాకు అంటించాకే డబ్బులివ్వండి. పనిలో పనిగా తెలుగులో ఒక రసీదు ప్రింటు కొట్టించి చూడండి. గడులొస్తే ఆ పెన్‌డ్రైవ్‌తో సహా మనిషిని బయటికి పంపండి.